దొర గుమ్మం మీద కోడి నెత్తురు

పోయిన నెల ఇక్కడే మలేసియాలో సుంగై పెటాని వెళ్ళాను. మా పెద్దమ్మాయి కొడుకు రవి అక్కడ ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కొత్తగా కారు కొన్నాడు, అమ్మమ్మను ఎక్కించుకుని తిప్పాలని సరదా. నేనుండే ఇపో ఊరికి వచ్చి తనే తీసుకెళ్ళాడు. భోజనాలయ్యాక సోఫాలో నా పక్కన కూలబడి, ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. "అమ్మమ్మా, ఇది చూడు. లోకాన్ని ఎవరు ఆడిస్తున్నారో ఈయన బాగా చెప్తాడు" అన్నాడు. తెర మీద ఒక తెల్లాయన, చేతిలో బైబిలు. వెనక గోడకి మెట్లు మెట్లుగా గీసిన పటం. గొంతు ఎంత మెత్తగా ఉందంటే పసిపిల్లకి పాలు పడుతున్నాడనుకోవాలి. ఆ పుస్తకంలో దేవుడు ఎన్నుకున్న జనం అసలు తెల్లవాళ్ళేనట, ఇప్పుడు యూదులమని చెప్పుకునేవాళ్ళు దొంగ వేషగాళ్ళట, పాము సంతానమట. రవి తల ఊపుతున్నాడు. దీపం పెట్టందే పొద్దున పనికి వెళ్ళని మా రవి, పుట్టి బుద్ధెరిగి ఒక్క యూదుణ్ణయినా చూడని మా రవి! ఆ పటం నేను గౌను తొడుక్కునే వయసులో చూశాను. నడుం వాలుస్తానని చెప్పి లోపలి గదిలోకి వెళ్ళి పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు.

మాది సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు తోట. కూలీల ఇళ్ళ వరసల్ని లయిన్లు అనేవాళ్ళం, అందులో మాకు ఒక గది, ముందు ఒక వసారా. నేను పుట్టడమే పాల వాసనలో పుట్టానని మా అమ్మ అనేది. ఆవు పాలు కాదు, రబ్బరు పాలు. అందులో పోసే ఆసిడ్ పులుపు, గడ్డకట్టిన రబ్బరు రేకులు ఎండబెట్టే పొగకొట్టు వాసన, మా అయ్య చొక్కాలో, తలలో, చివరికి మేం తినే అంబలిలో కూడా ఉండేవి. మా అయ్య పేరు అప్పన్న. పాలు కారేలా రబ్బరు చెట్టు గీయడంలో చెయ్యి తిరిగినవాడు. పొద్దు పొడవక ముందే నుదుటికి దీపం కట్టుకుని వెళ్ళేవాడు. కత్తి చెట్టు ఎముకకి తగలకుండా తొక్క ఒక్కటే పలచగా ఒలిచేవాడు. మా నాయనమ్మ విజయనగరం వైపు నుంచి ఓడలో వచ్చిన మనిషి. ఆవిడ నోటికి కంగాణీలు, అంటే కూలీల మీది మేస్త్రీలు కూడా పక్కకి తప్పుకునేవారు.

అడవిలో కమ్యూనిస్టులు, ఊళ్ళో ఇంగ్లీషు సర్కారు కొట్టుకుంటున్న రోజులవి. ఎమర్జెన్సీ అనేవారు. మా లయిన్ల చుట్టూ మనిషి ఎత్తుకి మించి ముళ్ళ తీగ వేశారు. ఒక్కటే గేటు, దాని దగ్గర మలాయి పోలీసులు. బియ్యం ఇంట్లో ఉంచుకోకూడదు, అడవిలోకి చేరుతుందని. ఒక్క పెద్ద కుసినీలో అందరికీ వండి, ఉడికిన అన్నమే కొలిచి పెట్టేవారు. పనికి వెళ్ళే ఆడవాళ్ళ కొంగులు విప్పి, జడలు తడిమి పంపేవారు. తీగ అవతల మెతుకు కనిపిస్తే జైలు. మా అమ్మ పైడమ్మ తన పొయ్యి మీద గంజి కాచుకోవడం కూడా పోయిందని ఏడ్చేది. నాకు ఆ పెద్ద కుసినీ అన్నం అసలు నచ్చేది కాదు, ఎప్పుడూ మాడు వాసనే.

ఆ తీగలో ఇరుక్కున్న మాకు ఆదివారం మధ్యాహ్నాలు తోట నడిపే ఇంగ్లీషువాడు, మా పెద్ద దొర, దేవుడి బోధ పెట్టాడు. పాల స్టోరులో కిటికీలు మూయించి, లాంతరు పెట్టెలో నుంచి గోడ మీదికి రంగు బొమ్మలు వేసేవాడు. అరవంలో చెప్పేవాడు, తోట అరవం, కూలీల్ని తిట్టడానికి నేర్చుకున్నది. అర్థం కానిచోట ఆఫీసు గుమాస్తా విడమరిచేవాడు. ఆయన్ని అందరం కిరాణీగారు అనేవాళ్ళం. మలయాళీ క్రైస్తవుడు. చెప్పేటప్పుడు ఆయన ముఖం ఎప్పుడూ నేల కేసే ఉండేది. ఒకసారి బయటికొచ్చాక మా అయ్యతో, "అప్పన్నా, నేను చదివే బైబిలు ఇది కాదు. మా తాతలు ఎరిగిన దేవుడు ఇతను కాదు. ఉద్యోగం కోసం నోరు అరువిస్తున్నాను" అన్నాడు. మా ఊరి చర్చి పాదిరీ కూడా ఈ దొరని గుమ్మం తొక్కనివ్వలేదట. దొరది ఏదో విడిగా పుట్టిన గుంపు, ఇంగ్లండులో ఒక చిన్న గదిలో కూడేవాళ్ళట.

బొమ్మల్లో చివర ఆ మెట్ల పటం వచ్చేది. పై మెట్టు మీద ఇంగ్లీషు వాళ్ళు, వాళ్ళే అసలు ఇశ్రాయేలట. నడిమి మెట్ల మీద మలాయిలు, చీనావాళ్ళు. అట్టడుగున నల్లగా మేము. నోవహు కొడుకు హాము తప్పు చేశాడట, వాడి సంతతి అన్నదమ్ముల దగ్గర ఊడిగం చెయ్యాలని శాపమట. "ఇది నేను పెట్టిన కూలీ కాదు, దేవుడు పెట్టింది" అనేవాడు దొర. మెట్ల పక్కన, ఏ మెట్టూ లేకుండా, కాలికి పాము చుట్టుకున్న ఒక వంకర ముక్కు మనిషి. వాడు యూదుడు, దొరల సొత్తు కాజేసి ఇశ్రాయేలన్న పేరు పెట్టుకున్నవాడు, అడవిలో కమ్యూనిస్టుల్ని పుట్టించింది కూడా వాడేనట. మాకు ఏం తెలుసు? పాము బొమ్మ బాగుందనుకునేవాళ్ళం. తరవాత తెలిసింది, మా చుట్టుపక్కల తోటలన్నిటికీ వైద్యం చేసే డాక్టరు ఆ జాతివాడని. యుద్ధంలో యూరప్ నుంచి పారిపోయి వచ్చాడు. బక్కగా, పొడుగ్గా, కళ్ళజోడు. ముక్కు మామూలు ముక్కే. మా దొర ఆయన్ని గేటు దాటి రానివ్వకూడదని పోలీసులకి చెప్పేశాడు. అప్పటినుంచి మాకు మందంటే తోటలో కట్లు కట్టే డ్రెస్సరు ఇచ్చే ఎర్ర నీళ్ళే.

అలా ఉండగా అడవివాళ్ళు మా కంగాణీని చంపారు. పోలీసులకి కబుర్లు చేరేస్తున్నాడని అనుమానం. పట్టపగలు, పాలు ఎత్తే వేళ, చెట్టుకి కట్టి, అతని కత్తితోనే చెట్టుని గీసినట్టు గీశారు. కింద పాల చిప్ప కూడా పెట్టారు. మా అయ్యే ముందు చూశాడు. ఇంటికొచ్చి తొట్టి దగ్గర కూర్చుని, ఒళ్ళంతా రుద్దుకుంటూనే ఉన్నాడు. మర్నాడు సోల్జర్లొచ్చి, సాయం చేసినదెవరో చెప్పమని మా మగవాళ్ళని ఎండలో బోర్లా పడుకోబెట్టి బూట్లతో తొక్కారు. పక్కింటి ముసలాయన పక్కటెముకలు విరిగి ఆ వారమే పోయాడు. ఇటు వాళ్ళు, అటు వీళ్ళు, మధ్యలో మేము. పసివాళ్ళు గేటు వైపు చూసినా తల్లులు వీపు మీద చరిచేవారు.

మా వాళ్ళకి అలాంటప్పుడు తెలిసిన మందు ఒక్కటే, అమ్మోరు. కోడిని కోసి, ఆ నెత్తురు అన్నంలో కలిపి, ఊరి పొలిమేర చుట్టూ చల్లుతారు. పొలి అంటాం. పొలి దాటి చావు లోపలికి రాదు. కానీ మా పొలిమేర ముళ్ళ తీగ. అవతల అన్నం చల్లితే అడవివాళ్ళకి మేత వేశారంటారు. నాయనమ్మ వసారాలో కూర్చుని చుట్ట నములుతూ ఒకటే గొణుగుడు.

"పొలి సల్లకపోతే అమ్మోరు ఎలాగ కాస్తాది? మెతుకు అవతల పడితే జైలంట. ఇంకేటి సేస్తాం?"

మా అయ్యకే ఆలోచన వచ్చింది. "దొర బొమ్మల్లో సూడనేదేటమ్మా? ఆల దేవుడూ నెత్తురే అడిగినాడు. గుమ్మాలకి రాసినోల్ల ఇల్లు ఒగ్గీసి సావు ఎల్లిపోనాదంట. మనమూ గుమ్మాలకి రాసీద్దాం. అన్నం అక్కర్నేదు."

నాయనమ్మ ముఖం విప్పారింది. దొర దేవుడూ మన అమ్మోరూ ఒకే తీరు అడుగుతున్నారంటే ఇద్దరూ చుట్టాలే అయుండాలని ఆవిడ తేల్చేసింది. లయిన్లలో ప్రతి గుమ్మానికీ అటూ ఇటూ పసుపు పూసి, పైన కోడి నెత్తురు చార పెట్టారు. అప్పుడు మా అమ్మ అడిగింది, "మరి దొర బంగళా?" అని. పొలిలో ఒక పద్ధతుంది. పొలిమేరలో ఉన్న ఇల్లు ఒక్కటి వదిలినా అంతా చెడినట్టే. ఇష్టం, అయిష్టం లేదు.

"ఒగ్గీమంటావేటి?" అంది నాయనమ్మ. "ఆడూ ఒక తల్లి కన్న బిడ్డే. కంగాణీని సంపినోల్లు రేపు ఆడి గుమ్మంలోకి రారా? ఎల్లు అప్పన్నా, నువ్వే ఎట్టు."

మా అయ్య తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళాడు. దొర తోట రెండో డివిజను చూడ్డానికి పోయి ఉన్నాడు. బంగళా కాపలా పోలీసులకి పూజ అని చెప్పాడు. చీనా వంటవాడు వచ్చి చూసి, వాళ్ళూ పండక్కి గుమ్మాలకి ఎర్ర కాగితాలు అంటిస్తారు గనక, బాగుందన్నట్టు తలూపి లోపలికి పోయాడట. తెల్లరంగు వేసిన గుమ్మం. దాని మీద పసుపూ నెత్తురూ ఎంత బాగా పట్టాయో మా అయ్య వచ్చి మురిసిపోతూ చెప్పాడు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు ఆ పూట. అలాంటి ముఖం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం సైరను మోగింది. అడవివాళ్ళు పడ్డారేమోనని అందరం పరుగున పొద్దుటి హాజరు తీసుకునే మైదానంలోకి వచ్చాం. దొర తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. తనని చంపడానికి పెట్టిన గుర్తు అనుకున్నాడు. ఎవడు పెట్టాడని అరిచాడు. అక్కడితో ఆగితే అది భయం. భయపడ్డ మనిషిని నేను క్షమించగలను. మా అయ్య చేతులు జోడించి, నవ్వుతూ, ముందుకి వెళ్ళాడు.

"నానే దొరా. మీ సామి గురుతే ఎట్టినాను. మీ గుమ్మానికి సావు రాకూడదని."

కిరాణీగారు ఇంగ్లీషులో చెప్పారు. దొర తుపాకీ దించాడు. మెల్లిగా, బోధ చెప్పే గొంతుతోనే, అరవంలో అన్నాడు. "ఆ కథలో నెత్తురు గుమ్మాలు మావి. నువ్వు హాము కొడుకువి. చావు దిగిన ఆ ఐగుప్తు దేశం హాముదే. ఆ రాత్రి పిల్లలు చచ్చిన ఇళ్ళు నీవి." మా అయ్యకి ఏమీ అర్థం కాలేదు, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఏ చేత్తో పెట్టావని అడిగాడు దొర. మా అయ్య కుడి చెయ్యి చూపించాడు.

ముందు బెత్తంతో కొట్టాడు, వీపు మీద తోలు లేచేదాకా. మనిషి కూలబడ్డాక ఆ కుడి చేతిని పాలు పోసే సిమెంటు తొట్టి గట్టు మీద పెట్టించి, తుపాకీ మడమతో దంచాడు. ఎండుకొబ్బరి చిప్ప పగిలినట్టు చప్పుడు. ఆగకుండా దంచాడు. ప్రతి దెబ్బకీ ఇంగ్లీషులో ఏదో వల్లిస్తూనే ఉన్నాడు, అది బైబిలు వాక్యమని కిరాణీగారు తరవాత చెప్పారు. నాయనమ్మ అడ్డం పడితే బూటుతో తన్ని తోసేశాడు. ఆవిడ మట్టిలో పడి దుమ్మెత్తి పోసింది, ఓడ దిగిన నాటి నుంచి దాచుకున్న తిట్లన్నీ తిట్టింది. మా అమ్మ మాత్రం అరవలేదు. ఆ సాయంత్రం ఆవిడ చేతే దొర తన గుమ్మం కడిగించాడు. కడిగి వచ్చి, ఆ నీళ్ళ చేతులు నా తల మీద పెట్టి, అప్పుడు ఏడ్చింది. నాకు ఈ రోజుకీ ఆ మనిషి మీద కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

చెయ్యి మోచేతి దాకా ఉబ్బి నల్లబడింది. గదంతా కుళ్ళు వాసన. మా అయ్య జ్వరంలో చెట్లతో మాట్లాడేవాడు. డ్రెస్సరు చూసి, "డాక్టరు దగ్గరికి పోకపోతే మనిషి దక్కడు" అని చేతులు దులుపుకున్నాడు. గేటు దాటాలంటే దొర సెలవు కావాలి, దొర ఇవ్వడు. అప్పుడు కిరాణీగారు, నోరు అరువిచ్చిన ఆ భయస్థుడే, ఆఫీసు ఫోనులో డాక్టరుకి చెప్పేశారు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటి ఎండలో డాక్టరు కారు గేటు దగ్గర ఆగింది. దొర తుపాకీతో వచ్చాడు. ఏం మాట్లాడుకుంటున్నారో కిరాణీగారు మా పక్కనే నిలబడి, పెదాలు కదలకుండా చెప్తున్నారు. కూలీ చచ్చినా సరే, పాము సంతానం నా తోటలో కాలు పెట్టదు అంటున్నాడు దొర. నేను లోపలికి రాను, అతన్నే బయటికి పంపు అంటున్నాడు డాక్టరు. సెలవు లేని మనిషి గేటు దాటితే కాల్చేస్తా అంటున్నాడు దొర.

నాయనమ్మ వెనక్కి తిరిగింది. "తలుపు పీకండర్రా" అంది.

మా గది తలుపు బందులు ఊడగొట్టి, దాని మీద మా అయ్యని పడుకోబెట్టి, ఆడవాళ్ళే ఎత్తారు. తలుపు అంచున పసుపు ఇంకా ఉంది. ముందు నాయనమ్మ, తల వైపు పట్టుకుని మా అమ్మ, వెనకాల నేను, నా వెనక లయిన్లలో ఆడవాళ్ళంతా. దొర తుపాకీ ఎత్తి మా అమ్మకి గురిపెట్టాడు. అప్పుడు డాక్టరు గేటు కడ్డీ కింద నుంచి వంగి లోపలికి వచ్చేశాడు, వచ్చి ఆ గొట్టం ముందు నిలబడ్డాడు. దొర కాల్చలేదు. తుపాకీ తిప్పి ఆయన ముఖం మీద కొట్టాడు. కళ్ళజోడు పగిలింది, ముక్కులోంచి నెత్తురు కారి చొక్కా తడిసిపోయింది. కిందపడి లేచి, మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. రెండోసారి కొట్టాడు. మళ్ళీ లేచాడు. అంతలో కిర్రుమని చప్పుడు. గేటు దగ్గరి మలాయి పోలీసు కార్పొరల్ కడ్డీ ఎత్తేశాడు. దొర అతని మీద గావుకేక పెట్టాడు. అతను నిటారుగా నిలబడే, "సాకిత్, తువాన్" అన్నాడు. జబ్బు మనిషి దొరా అని. మా ఆడవాళ్ళు తలుపు దించకుండా కారు దాకా నడిచారు.

మా అయ్య బతికాడు. చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు. యంత్రంలో పడి నలిగిందని ఎవరో ఎక్కడో రాసుకున్నారు, దొరని అడిగినవాడు లేడు. ఆసుపత్రిలో డాక్టరు ముక్కుకి గుడ్డ కట్టుకుని రోజూ వచ్చి కట్టు మార్చేవాడు. ఆయనకీ తోట అరవం వచ్చు, తిట్లు లేని అరవం. ఒక రోజు నాయనమ్మ అరవానికి నన్ను మధ్యన పెట్టుకుని నిలదీసి అడిగింది, మీరిద్దరూ తెల్లోళ్ళే కదా, వాడికి నీ మీద అంత కక్ష దేనికి అని. ఆయన కట్టు చుడుతూనే చెప్పాడు. "అసలు ఇశ్రాయేలు తనేనంటాడు, అంటే తనే మేము అంటాడు. నా ఇంట్లో దూరి ఇది నా ఇల్లు అనేవాడికి, నేను ఇంకా బతికి ఉంటే నిద్ర ఎలా పడుతుంది?"

గుమ్మానికి నెత్తురు పెట్టిన సంగతి అప్పటిదాకా ఆయనకి తెలీదు. నాయనమ్మ చెప్పింది. ఆయన కట్టు కట్టడం ఆపేశాడు. ఆ కథ తమ ఇంట్లో ఏటా పండక్కి చెప్పుకునేవారట. ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల, ఇదంతా ఎందుకు చేస్తున్నామని అడగాలి, పెద్దవాళ్ళు చెప్పాలి. ఆయన చెల్లెలు అడిగేదట. నాయనమ్మ ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "మరి ఆ యుద్ధంలోన మీ గుమ్మానికి ఎవులూ ఎట్టనేదా?" అని నేను అరవంలో చెప్పేదాకా నన్ను పొడిచింది. చెప్పాను. "మా గుమ్మానికి గుర్తు పెట్టినవాళ్ళు ఉన్నారు. చంపడానికి పెట్టారు" అన్నాడు డాక్టరు. ఆయన ఇంటివాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.

మెర్దేకా వచ్చింది, అంటే స్వాతంత్ర్యం. రేడియోలో కేకలు, తోటలో కొత్త జెండా. మా దొర తన మెట్ల పటం చుట్టుకుని ఆఫ్రికాలో ఎక్కడికో, తన మాట చెల్లే చోటికి పోయాడని విన్నాం. శిక్షా లేదు, పాడూ లేదు. ఆ ఏడు అమ్మోరి పండక్కి మేం అప్పటికే ఇపో చేరాం. మా అయ్య ఒక మార్కెట్లో కాపలా పని చేసేవాడు. తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పసుపు గిన్నె నా చేతికిచ్చి డాక్టరు ఇంటికి నడిపించాడు. గుమ్మం ముందు నిలబడి, ఈసారి అడిగి మరీ పెట్టాడు. ఎడం చేత్తో. గీతలు వంకరగా వచ్చాయి. డాక్టరు తలుపుకి ఆనుకుని నిలబడి, నా వైపు చూసి, "నువ్వే కదా చిన్నదానివి. అడుగు" అన్నాడు. నేను అడిగాను. ఎందుకు పెడుతున్నావయ్యా అని. మా అయ్య ముందు నుంచి చివరిదాకా మొత్తం చెప్పాడు. డాక్టరు ముఖం తుడుచుకోకుండా విన్నాడు.

రవి ఇంట్లో సాయంత్రం టీ తాగుతూ ఫోను ఇమ్మన్నాను. ఆ తెల్లాయన్ని మళ్ళీ పెట్టించాను. పాము సంతానం మాటలు అయ్యాయి. "ఇంతే అమ్మమ్మా, తరవాత బోరు" అని వాడు వేలు పెట్టబోయాడు. వాడెప్పుడూ అక్కడే ఆపేస్తాడట.

"ఉండరా, ఆపకు. ఇంకా ఉంది" అన్నాను.

ఆయన అదే మెత్తని గొంతుతో పటం మీద కర్ర కిందికి దించాడు. అట్టడుగు మెట్టు మీద పెట్టాడు. హాము అన్నాడు, శాపం అన్నాడు, ఊడిగం అన్నాడు. ఆఫ్రికా పేరు చెప్పాడు, తరవాత ఇండియా పేరు. రవి టీ కప్పు కింద పెట్టేశాడు. వాడికి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు.

"అమ్మమ్మా, ఇది మన గురించా?"

నేను వాడి కుడి చెయ్యి తీసుకుని, మణికట్టు పైన, మా అయ్యకి ఎక్కడిదాకా తీసేశారో అక్కడ, వేలితో గీత గీశాను. వాడు ఇంతకు ముందు ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడిగాడు, ఎందుకు తీసేశారని.